మూతబండి

జయపురం బైపాసు మీద మహారణా వెల్డింగు షాపులో
గోడకి ఓ రంగుల కాగితం అంటించుంది.
ఏదో చలిదేశం. తెల్లటి పెట్టె లాంటి ట్రైలరు.
దాని కడుపులోంచి దిగుతోంది
చక్రాల్లేని బండొకటి, మంచు మీద జారేదట.
"ఇలాటిదే చేసిస్తాను నూకరత్నమ్మా" అన్నాడు మహారణా
ఒడియాలో మొదలెట్టి, తెలుగులో ముగించి.

మాకు మంచంటే
పొట్టంగి దగ్గర పుష్యమాసం తెల్లారగట్ల
సీటు మీంచి అరచేత్తో తుడిచేసేది.
నాకు కావలసింది వానకి మూత.

పోయిన శ్రావణంలో
నాలుగు మోటారు సైకిళ్ళూ తెరిచిన తొట్టిలోనే వేసుకుని
సాలూరు నుంచి ఎక్కుతున్నాం.
సుంకి ఘాట్లో గాలి
టార్పాలిన్ విప్పి లోయకి కట్టబెట్టింది.
మర్నాడు సిమిలిగుడలో, మృత్యుబావి గోడ మీద,
మూడో చుట్టులో
మ్యాగ్నెటోలో దాక్కున్న నీరు దగ్గింది.
ఒక్క దగ్గు.
బుదురా ఖిలో భుజం ఎముక రెండయింది.
జనం చప్పట్లు కొట్టారు,
అదీ ఆటలోదే అనుకుని.

"పదహారు గేజి ఇనుము వేద్దాం,
ముప్పై ఏళ్ళు తిరిగి చూడక్కర్లేదు."
నా ముప్పై ఏళ్ళ సంగతి నాకు తెలీదు గానీ
నా బొలెరో సంగతి తెలుసు.
మూడు చేతులు మారిన బండి.
ఏడో మలుపులో మొదటి గేరుకొచ్చి
ముసలి ఎద్దులా నాలుక బయటపెడుతుంది.
పెట్టె ఇనుమైతే అది పెట్టెనే లాగుతుంది,
లోపలి బండ్లని ఎవరు లాగాలి?

పాత ఇనుము కొట్టు నుంచి కాటా తెప్పించాను.
ఒక్కో రేకూ తూచమన్నాను, మేకుల డబ్బా కూడా.
మహారణా నవ్వి, తర్వాత నవ్వడం మానేసి, తూచాడు.
అల్యూమినియం రేకు వేలితో కొడితే
అన్నం పళ్ళెంలా మోగింది.
"సొట్టలు పడతాయమ్మా."
పడనీ. నా మోకాళ్ళకి పడలేదా.
మూలలకి మాత్రం ఇనుప కోణాలు.
ఇరుసు దగ్గర బేరం లేదు.

అడుగుకి చెక్కర్ ప్లేటు అన్నాడు, ఎనభై కిలోలు.
మాట్లాడకుండా వెళ్ళి బావి పలకలు తెచ్చాను,
మా మామ నాటివి, మార్చి మూల పడేసినవి.
టైర్లు తిని తిని
నడిమికి నునుపై, దోనెలా వంగిన టేకు.
ఎంత పల్చబడ్డాయో మోసిన భుజానికే తెలుసు.
అతను రందా పట్టబోతే చెయ్యి ఆపాను.
ఇన్నేళ్ళు నిలబడ్డ కర్ర
ఇక పడుకోనీ.

ఇరుసు సరిగ్గా మధ్యలో, తక్కెడలా, అన్నాడు.
కాదు, వెనక్కి జరుపు. ముక్కు కాస్త బరువుండాలి.
తోక బరువైతే దిగుడులో పాములా ఊగుద్ది.
ఈ లెక్క ఏ ఇస్కూలూ చెప్పలేదు నాకు.
చేతులు వదిలేసి,
గట్టు మీది జనం చాచిన పదినోటు అందుకునేటప్పుడు
నడుము నేర్పింది.

పులి బొమ్మ వేస్తానన్నాడు, పక్కల రెండింటికీ.
రంగు డబ్బా చేత్తో ఎత్తి చూశాను.
వద్దులే.

బుదురా వచ్చాడు, కుడి చెయ్యి ఇంకా జోలెలోనే.
ఎడం చేత్తో కొక్కెం ఎత్తాడు. లేచింది.
లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు.
చాలాసేపు చప్పుడు లేదు.
తర్వాత రేకు మీద రెండు దెబ్బలు.
"అక్కా, ఊపిరాడదు. పెట్రోలు కంపు."
కింద వరసగా కన్నాలు వేయించాం,
ఆ ఆవిరి నేలబారునే పాకుతుంది గనక.
కన్నాల్లోంచి ఎండ
పలకల మీద పైసలు పరిచింది.
వాడు వంగి ఏరబోయాడు, ఆటకి.

వంతెన కాటా మీద మూడొందల పన్నెండు.
మహారణా చీటీ రెండుసార్లు చదివి
గోడ మీది కాగితం చిరగకుండా ఊడదీసి ఇచ్చాడు.
తలుపు లోపలి వైపు అంటించుకున్నాను.
రేపు మా నాలుగింటితో పాటు
ఆ చలిదేశపు బండీ సుంకి ఘాట్ దిగుతుంది.
రానీ పాపం.
దాని బరువెంత.